ఆ ఒక్క మాట తప్ప

స్కార్విక్,
1894 జనవరి 14, ఆదివారం.

ప్రియమైన కెజయా అక్కకి,

ముందుగా నా చేతిరాతని క్షమించు. అక్షరాలు పీతల్లా పక్కకి నడుస్తున్నాయని నాకూ తెలుసు. నాలుగేళ్ళ బడిలో నేర్చుకున్నది కాస్తా ఈ రెండేళ్ళలో ఆల్చిప్పలు ఒలిచి ఒలిచి అరిగిపోయింది. తప్పులున్నచోట నువ్వే సర్దుకుని చదువుకో. పక్కనే కూర్చుని పైకి చదవమని బావ అడిగితే మాత్రం చదవకు, నాకు సిగ్గు.

ఇక్కడ ఒక పెద్ద విషయం జరిగింది. మా పడవ ‘గుడ్ ఇంటెంట్’కి సరంగుగా ఉన్న నేథన్ మామకి మోకాళ్ళు పట్టేశాయి, మే నెల నుంచి సముద్రం మీదికి పోనన్నాడు. పడవ యజమాని వెల్‌బర్న్ గారు మా ఆయన్ని పిలిచి, “జేబెజ్, ఈ నీళ్ళు నీకు తెలిసినట్టు ఎవడికీ తెలియవు. కానీ సర్కారువాళ్ళ సర్టిఫికెట్ లేనివాణ్ణి ఇంత పడవకి సరంగుని చెయ్యలేను. అది తెచ్చుకో, పడవ నీ చేతికిస్తా” అన్నారట. తెచ్చుకోలేకపోతే వేరే రేవు నుంచి ఎవరో వస్తారు. అప్పుడు మా ఆయన పెద్ద రేవుకి వెళ్ళి ఆవిరి పడవల్లో చేరాలి. వాళ్ళు వెళితే మూడు వారాలకి గానీ ఒడ్డు చూడరు. అక్కా, నేను మూడు వారాలు మా అత్తయ్యతో ఒంటరిగా ఉండాలి. ఆవిడ మంచిదే. కానీ మూడు వారాలు!

పరీక్ష నోటితోనే. అధికారి అడుగుతాడు, ఈయన చెప్పాలి. ప్రశ్నలన్నీ ఒక పుస్తకంలో ఉన్నాయి. ఎవరికీ చెప్పనిది నీకొక్కదానికే చెబుతున్నాను. మా ఆయనకి చదవడం రాదు. చర్చిలో పాటల పుస్తకం తెరిచి పట్టుకుంటారు, అంతే. పాటలన్నీ నోటికి వచ్చు కాబట్టి ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు. అందుకని నేను చదువుతాను, ఆయన వింటారు.

మొదటి సాయంత్రం, “బోట్‌స్వెయిన్ పనులేమిటి?” అని చదివాను. ఆయన నా మొహంలోకి చూశారు.

“వాడెవడు? నేను పన్నెండేళ్ళుగా పడవల మీదున్నా. అలాంటివాణ్ణి చూళ్ళేదే.”

పుస్తకంలో బొమ్మ ఉంటే చూపించాను, మెడలో ఈల వేసుకున్న మనిషి.

“ఓసి పిచ్చిదానా, బోసన్!” అని ఒకటే నవ్వు. ఓడ పనివాళ్ళ మేస్త్రీ అట, రాసేది అలా, పలికేది ఇలా.

తర్వాత ఫోర్‌కాజిల్ అని వచ్చింది. అందులో కోట అన్న మాట ఉంది కదా, అది నాకు తెలుసు. “ఓడ ముందుభాగాన కోట ఉంటుందటండీ” అన్నాను గొప్పగా. “ఉంటుంది. తడిసిన మేజోళ్ళతో నలుగురం ఒకడి మీద ఒకడు పడుకునే కోట” అన్నారు. దాన్ని ఫోక్సిల్ అనాలట. గన్‌వేల్ అంటే పడవ పక్కచెక్కల పై అంచు, దాన్ని గనెల్ అనాలట. రాసేదంతా రాసి, పలికేటప్పుడు సగం అక్షరాలు నీళ్ళలో పారేస్తారు కాబోలు ఈ సముద్రంవాళ్ళు.

ఇంకేం విశేషాలు లేవు. పొద్దున్నే ఆయన పడవకి వెళ్ళేటప్పుడు నేను తలుపు వెనక్కి తప్పుకుంటాను. ఒకరోజు మరిచిపోయి ఎదురుపడ్డాను, ఆయన వెనక్కి తిరిగి ఇంట్లోకి వచ్చేశారు, ఆ రోజుకి వేట పోయింది. అత్తయ్య వారం రోజులు గుర్తుచేశారు.

ఈ ఉత్తరం చదివాక పొయ్యిలో వేసెయ్యి. ఆయన సంగతి రాశాను కదా.

నీ చెల్లెలు,
తిర్జా

*

థార్న్‌డేల్,
జనవరి 28.

ఒసేయ్ తిర్జా,

నీ రాత బాగానే ఉంది. బాగాలేనిది నీ కాపురం. మొగుడు పనికి వెళుతుంటే పెళ్ళాం తలుపు వెనక దాక్కోవడం ఏమిటే? ఎదురొస్తే వెనక్కి తిరిగిపోవడం ఏమిటి? నువ్వేమన్నా దయ్యానివా? బావకి చెబితే, “నీ చెల్లెలి మొహం అంత భయంకరంగా ఉండదే, నీ మొహమంటే నమ్ముతాను” అన్నారు. ఆయనకి ఆ రోజు రాత్రి గంజి పోశాను.

నిజం చెప్పు. అతను నిన్ను కసురుతాడా? చెయ్యి చేసుకుంటాడా? చదువు రానివాడికి చదివి వినిపిస్తున్నావంటే, ఆ కోపం ఎప్పుడో ఒకప్పుడు నీ మీదికే వస్తుంది. జాగ్రత్త.

ఇక్కడ అందరం క్షేమం. మన నల్ల పంది తొమ్మిది పిల్లల్ని పెట్టింది. ఒక పంది పిల్ల బక్కగా ఉంటే వంటింట్లో పొయ్యి పక్కన పెంచుతున్నాను, అచ్చం మన మేనత్తలా గుర్రుపెడుతుంది. పెద్ద పందిని పోయిన వారం కోశాం. ఈ పార్సిల్లో ఉప్పు పట్టించిన ముక్క పంపుతున్నాను, మీ అత్తగారికి నా పేరు చెప్పి పెట్టు.

నీ ఉత్తరం కాల్చేశాను. నీ మాట కాదనడం ఎందుకని.

నీ అక్క,
కెజయా

*

స్కార్విక్,
ఫిబ్రవరి 18.

ప్రియమైన అక్కకి,

రాత ఈసారి ఇంకా ఘోరంగా ఉంటుంది, వేళ్ళ నిండా కోతలే. ఎరకి ఆల్చిప్పలు ఒలవడం ఎక్కువైంది.

నీకు దణ్ణం పెడతాను, ఇక ముందు ఆ జంతువు పేరు ఉత్తరంలో రాయకు. బురదలో పొర్లేది, ముక్కుతో నేల తవ్వేది, అదే. ఇది నీకు ఎప్పుడో చెప్పి ఉండాల్సింది, తప్పు నాదే. ఈ ఊళ్ళో ఎవరూ దాని పేరు పలకరు. పొరపాటున ఎవరి నోటినుంచైనా వింటే వెంటనే ఇనుము ముట్టుకుని, చేస్తున్న పని అక్కడే వదిలేసి ఇంటికి వచ్చెయ్యాలి. ఆ రోజు ఎవరూ సముద్రం మీదికి పోరు. పొద్దున్న దారిలో ఆడమనిషి ఎదురైనా అంతే. నన్నెవరూ దయ్యం అనుకోవడం లేదు, రాణీగారు ఎదురొచ్చినా వెనక్కే తిరుగుతారు. మా ఆయన నన్నొక్క మాట కూడా అనరు.

నీ ఉత్తరం వచ్చినప్పుడు అత్తయ్య, “మీ అక్క ఏం రాసింది, పైకి చదువు” అన్నారు. పైన నీ తిట్లన్నీ మింగేసి, క్షేమసమాచారాల దగ్గర్నుంచి గబగబా చదువుకుంటూ పోయాను, ఆ పేరు దగ్గరికొచ్చి ఆగే లోపు నోరు దాటేసింది. అత్తయ్య పొయ్యి మీది ఇనుప పెనం పట్టేసుకున్నారు, చెయ్యి కాలింది. మా ఆయన బూట్లు విప్పి గుమ్మంలో కూర్చున్నారు. “తొమ్మిదిసార్లు రాసిందా మీ అక్క?” అని అడిగారు. “కాదండీ, తొమ్మిది పిల్లలు” అన్నాను. ఇంక నేను నోరు మూసుకుంటే మంచిదని తోచింది.

నువ్వు పంపిన ముక్క మాత్రం తిన్నాం. తినడానికి అభ్యంతరం లేదు, పేరుతోనే గొడవ.

చదువు బాగా సాగుతోంది. నేను ఎర గుచ్చుతూ ప్రశ్న అడుగుతాను, ఆయన వల చిరుగులు బాగుచేస్తూ చెబుతారు. లీవర్డ్ అంటే గాలి పోయే వైపు, దాన్ని ల్యూవర్డ్ అనాలి. బౌలైన్ అనేది జారని ముడి, దాన్ని బోలిన్ అనాలి. నేను ముందు పుస్తకంలో ఉన్నట్టే అంటాను, ఆయన సముద్రంలో ఉన్నట్టు అంటారు. ఇప్పుడు ఇద్దరం రెండు రకాలుగానూ అనగలం. ఒక్కోసారి ఆయనే నన్ను ఏడిపించడానికి పుస్తకంలోలా అంటున్నారు. నా భయమంతా అదే. రేపు అధికారి ముందు ఏది నోటికొస్తుందో!

పరీక్ష మార్చి ఆరున. మా కోసం ప్రార్థన చెయ్యి. ఈ ఉత్తరం కూడా కాల్చెయ్యి.

తిర్జా

*

స్కార్విక్,
మార్చి 11.

అక్కా,

క్షమాపణలు చెప్పే ఓపిక కూడా లేదు. ఆయన సర్టిఫికెట్ లేకుండా వచ్చారు.

పొద్దున ఉతికిన చొక్కా వేసుకుని నవ్వుతూ వెళ్ళారు. మధ్యాహ్నం బండికే తిరిగొచ్చేశారు. టోపీ తియ్యకుండా కుర్చీలో కూర్చున్నారు. “ఏమైందండీ?” అన్నాను. “రాలేదు” అన్నారు. “ఏం అడిగారు?” అంటే నా వైపు చూసి, నోరు తెరిచి, మళ్ళీ మూసేసి పెరట్లోకి వెళ్ళిపోయారు. అయిదు రోజులైంది. చేపల గురించి మాట్లాడతారు, వాన గురించి మాట్లాడతారు. ఆ పరీక్ష గది గురించి అడిగితే మాత్రం పెదాలు బిగించేస్తారు.

నాకు తెలుసు అక్కా, తప్పంతా నాదే. ఆయనకి పుట్టినప్పటి నుంచీ సరిగ్గా వచ్చిన మాటల్ని నేను వంకర చేశాను. అధికారి బోసన్ అంటే ఈయన బోట్‌స్వెయిన్ అని ఉంటారు. ఆ అధికారి నవ్వి ఉంటాడు. నా మనసు నొప్పించకూడదని చెప్పడం లేదు. ఆ పుస్తకాన్ని మళ్ళీ ముట్టుకోలేదు.

అత్తయ్య అయితే నీ ఉత్తరాన్ని అంటున్నారు. “ఆ కాగితం ఇంట్లోకి వచ్చినప్పుడే అనుకున్నా” అని. నువ్వు బాధపడకు.

మళ్ళీ పరీక్షకి ఆరు నెలలు ఆగాలట. మేలో వేరే రేవు సరంగు వస్తాడు. పెద్ద రేవులో పని చూసి పెట్టమని మా ఆయన కబురు పంపారు.

ఇది తప్పకుండా కాల్చెయ్యి.

తిర్జా

*

థార్న్‌డేల్,
మార్చి 17.

తిర్జా,

నీ ఉత్తరం కాల్చలేదు. మూడుసార్లు చదివాను. చదివినకొద్దీ నాకే మండింది.

మీ అత్తగారికి నా తరఫున చెప్పు. పోయిన నెలలో వచ్చిన నా కాగితానికి అంత శక్తే ఉంటే, ముందు నా మొగుణ్ణి మనిషిని చేసుకునేదాన్ని. ఇక అతగాడు. అయిదు రోజులు నోరు మెదపని మనిషి దేన్నో దాస్తున్నాడు. పరీక్షకి అసలు వెళ్ళాడా? సారాకొట్లో కూర్చుని మధ్యాహ్నం బండెక్కి వచ్చేశాడేమో అడిగావా? మధ్యాహ్నానికే పరీక్ష అయిపోతుందా ఎక్కడన్నా?

నీ తప్పేం లేదు. నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే. పాలు విరిగినా నీ చూపు తగిలిందనుకుని మూల కూర్చునేదానివి. బావ బండి పంపుతానన్నారు. నాలుగు రోజులు వచ్చి ఉండు. అతను పెద్ద రేవుకి పోతే పోనీ.

కెజయా

*

స్కార్విక్,
మార్చి 25.

నా ప్రియమైన అక్కకి,

బండి పంపొద్దు! కూర్చుని చదువు, పొయ్యి దగ్గర మాత్రం కాదు. ఈ ఉత్తరం కాల్చమని నేను అడగడం లేదు.

నీ ఉత్తరం చూశాక నాకు ధైర్యం కాదు, కోపం వచ్చింది. నీ మీదే. మా ఆయన సారాకొట్లో కూర్చునే మనిషి కాదు. అది రుజువు చెయ్యాలని సూటిగా ఆయన ముందుకెళ్ళి నిలబడ్డాను. నా పెళ్ళయ్యాక ఆయనతో గొంతు పెంచింది అదే మొదటిసారి.

“నేను నేర్పిన మాటల వల్ల మీ పరువు పోయిందా? పోయిందంటే పోయిందని చెప్పండి. నేను తట్టుకోగలను. ఈ మౌనం తట్టుకోలేను.”

ఆయన బిత్తరపోయారు. “నీ మాటల వల్లా? నీ మాటలకేమొచ్చింది? అవి అడగనేలేదు!”

“మరి ఏం అడిగారు?”

మళ్ళీ నోరు తెరిచారు, మూశారు. అత్తయ్య వంటింట్లోంచి, “చెప్పరా, నోట్లో రాయి ఉందా?” అని అరిచారు.

“చెప్పలేనమ్మా! చెప్పగలిగితే పదిహేను రోజులు ఇలా చస్తానా?” అని, చేపల లెక్కకి పెట్టుకున్న పలక మీద సుద్దముక్కతో ఏదో గీయడం మొదలెట్టారు. ముందు ఒక గుండ్రం. దానికి నాలుగు కాళ్ళు. వెనక చుట్టలు తిరిగిన తోక. ముందు మూతి, మూతికి రెండు చిల్లులు. అత్తయ్య చూసి కెవ్వుమని పెనం కోసం పరిగెత్తారు. ఈసారి చల్లగానే ఉంది లే.

అప్పుడు బొమ్మ చూపిస్తూ కథ చెప్పారు. అధికారి కొత్తవాడట, ఐర్లండు వైపు ఓడల్లో చాలాకాలం చేసి వచ్చాడట. “కూర్చో నాయనా” అని మర్యాదగా అన్నాడట. మొదటి ప్రశ్నే, “నీకు ఎదురుగా ఒక ఆవిరి ఓడ వస్తోంది, దాని నిండా ఇవి ఉన్నాయి” అని పలక చూపించారు మా ఆయన, “నువ్వు ఏ పక్కకి తప్పుకుంటావు?” ఐర్లండు నుంచి ఆ ఓడల్లో వాటినే తెచ్చేవారట. మా ఆయనకి మిగతా ప్రశ్న వినపడనే లేదు. కుర్చీకున్న మేకు ముట్టుకున్నారు, టోపీ పెట్టుకున్నారు, లేచి వచ్చేశారు. స్కార్విక్‌లో పుట్టినవాడు ఇంకేం చేస్తాడు? నేథన్ మామైనా అదే చేసేవాడు. అధికారి వెనక నుంచి “ఏమయ్యా, ఏమయ్యా” అంటున్నా ఆగలేదట. దారిలో ఆలోచిస్తే ఆ జవాబు ఆయనకి పసితనం నుంచీ తెలిసిందే. కానీ తిరిగి వెళ్ళి ఎందుకు లేచొచ్చానో చెప్పాలంటే ఆ పేరు పలకాలి. నాకు చెప్పాలన్నా పలకాలి.

అక్కా, నేను అక్కడే నేల మీద కూర్చుని నవ్వాను, ఏడ్చాను, రెండూ ఒకేసారి. పదిహేను రోజులుగా గుండె మీదున్న బరువు ఒక్కసారిగా దిగింది. ఆయనకి కోపం వస్తుందేమో అనుకున్నాను. ఆయనా నవ్వడం మొదలెట్టారు. అత్తయ్య మాత్రం ముందు పలక తుడవమన్నారు.

తర్వాత నాకొకటి తట్టింది. ఈ ఊరి మొత్తంలో ఆ పేరు భయం లేకుండా రాయగలిగినదాన్ని నేనొక్కదాన్నే. మన పెరట్లో వాటి మధ్యే పెరిగాం కదా. ఇంట్లో రాస్తే అత్తయ్య ఊరుకోరు కాబట్టి చర్చి వెనక గోడ మీద కాగితం పెట్టుకుని, ఆవిడ బలవంతం మీద ఒళ్ళో ఇనుప తాళంచెవి పెట్టుకుని, అధికారికి ఉత్తరం రాశాను. చూసి రాసుకున్న నకలు ఇది:

“అయ్యా, నా చేతిరాతని మన్నించండి. నేను జేబెజ్ థీకర్ భార్యని. మార్చి ఆరున మీ ముందు నుంచి లేచి వచ్చేసింది ఆయనే. మీరు అడిగిన ఓడలో ఉన్నవి పందులు. మా ఊరి జాలరి ఆ పేరు వింటే ఇనుము ముట్టుకుని ఇంటికి వచ్చెయ్యాలి, అది మావాళ్ళ పద్ధతి. ఆయన లేచింది జవాబు రాక కాదు, మీకు మర్యాద ఇవ్వక కాదు. ఆ ఓడలో గొర్రెల్ని ఎక్కించి అడగండి. ఇది ఆయన మీకు చెప్పలేరు, చెబితే ఆ పేరు అనాలి. నేను సముద్రానికి దూరపు పల్లెలో పుట్టినదాన్ని కాబట్టి రాస్తున్నాను.”

మర్యాద అన్న మాట సరిగ్గా రాశానో లేదో. పోస్టులో వేశాక గుర్తొచ్చి భయమేసింది.

తిర్జా

*

థార్న్‌డేల్,
ఏప్రిల్ 2.

తిర్జా,

ఆ పలక నాకు పంపవే, గోడకి తగిలించుకుంటాను. నీ ఉత్తరం బావకి పైకి చదివాను, నువ్వు వద్దన్నావని తెలుసు. నవ్వి నవ్వి ఆయనకి దగ్గొచ్చింది. తర్వాత కాస్త నొచ్చుకుని, “మన పందులకి ఏం తక్కువని?” అన్నారు. ఇదుగో, మళ్ళీ రాసేశాను! ఈ కాగితం అత్తగారి కంట పడనీకు.

అతని గురించి నేనన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. సారాకొట్టు మాట అతనికి చెప్పలేదు కదా? చెప్పి ఉంటే చెప్పలేదని రాయి.

అధికారి ఏమన్నాడు? టపా వచ్చిన ప్రతిసారీ గేటు దాకా పరిగెత్తుతున్నాను. నాకు ఈ వయసులో పరుగులేమిటే?

కెజయా

*

స్కార్విక్,
ఏప్రిల్ 22, ఆదివారం.

ప్రియమైన అక్కకి,

వచ్చేసింది! ముందు ఆ మాట రాసేశాను, మిగతాది నెమ్మదిగా చదువు.

పదో తారీఖున ఉత్తరం వచ్చింది. పైన నా పేరు, మిసెస్ తిర్జా థీకర్ అని. పరాయివాళ్ళు నా పేరుతో ఉత్తరం రాయడం ఇదే మొదలు. ప్రశ్న పూర్తి కాకముందే మనిషి వెళ్ళిపోయాడు కాబట్టి తప్పినట్టు రాయలేదనీ, పదహారున మళ్ళీ రమ్మనీ అందులో ఉంది. చివర, “ఈ తీరానికి నేను కొత్త. ముందే చెప్పేవాళ్ళు లేకపోయారు” అని రాశాడు. అత్తయ్య ఆ కాగితాన్ని ఇంట్లోకి రానివ్వలేదు. అందులో ఆ పేరు లేదని ఎంత చెప్పినా వినలేదు. “దాన్ని తలుచుకునే రాసుంటాడు కదా, అదే చాలు” అన్నారు. బొగ్గుల గదిలో పెట్టి పైన లంగరు ముక్క బరువుంచాం.

పదహారున ఆయన్ని పంపి నేను రోజంతా ఏం చేశానో నాకే తెలియదు. ఒలిచిన ఆల్చిప్పల్ని పారేసి చిప్పల్ని దాచానట, అత్తయ్య చెప్పారు. మధ్యాహ్నం బండికి ఆయన దిగలేదు. అది చూసి అత్తయ్య, “అమ్మయ్య, ఇంకా కూర్చునే ఉన్నాడు” అన్నారు. నాకు అంత మంచి మాట ఇంకెవరూ చెప్పలేదు. సాయంత్రం బండికి దిగారు, టోపీ చేతిలో ఉంది, మొహం చూడగానే తెలిసిపోయింది.

“ఏం అడిగారండీ?”

“గొర్రెల ఓడ.”

“మీరేం చెప్పారు?”

“ఎన్ని గొర్రెలు కావాలో చెప్పు జేబెజ్, అన్నాడు. మీ ఇష్టం అయ్యా, ఎన్నున్నా తప్పించుకుంటా, అన్నా.”

నలభై ప్రశ్నలు అడిగాడట. అన్నీ చెప్పారు. చివరికి, మీవాళ్ళు పడుకునే చోటు ఏదని అడిగితే, తొందరలో “ఫోర్‌కాజిల్ అయ్యా” అనేశారట, పుస్తకంలో ఉన్నట్టు నిండుగా, ఒక్క అక్షరం వదలకుండా! నేను భయపడ్డది అదే కదా. అధికారి కలం కింద పెట్టాడట.

“ముప్పై ఏళ్ళలో ఆ మాట అలా అన్నవాణ్ణి చూళ్ళేదు. ఎవరయ్యా నేర్పింది?”

“మా ఆవిడండి.”

“ఉత్తరం రాసినావిడేనా?”

“అవునండి.”

“ఆవిడకి ఇద్దామంటే రూలు ఒప్పుకోదు. నువ్వే తీసుకో” అని సంతకం పెట్టాడట. నేను ఇది విని బంగారుపువ్వులా వెలిగిపోయానని మా ఆయన అంటున్నారు. సిగ్గుతో ఎర్రబడ్డానని నా ఉద్దేశం.

ఇప్పుడు సాయంత్రాలు మా వంటింటికి మనుషులొస్తున్నారు. నేథన్ మామ కొడుకు, వాడి బావమరిది, ఎదురింటి సైలస్. చలి కాచుకోవడానికని వస్తారు. కాసేపు కూర్చుని, “ఆ పుస్తకం ఇంకా ఉందా వదినా?” అంటారు. చర్చిలో వీళ్ళందరూ పాటల పుస్తకాలు తెరిచి పట్టుకునేవాళ్ళే. మా ఆయన నా చెవిలో, “ఇన్నాళ్ళూ నేనొక్కణ్ణే అనుకున్నా” అన్నారు. ఆ మాట అన్నాక ఆయన భుజాలు ఎంత తేలికపడ్డాయో నువ్వు చూడాల్సింది. పెద్ద రేవుకి వద్దని కబురు పంపేశారు. నేను అందరి ముందు పైకి చదువుతున్నాను అక్కా. మొదటి రోజు గొణుక్కుంటూ చదివాను. రెండో రోజు అత్తయ్య, “గట్టిగా చదువు, నాకూ వినపడాలి” అన్నారు. ఆవిడకెందుకో గన్‌వేల్, గనెల్!

సర్టిఫికెట్ తెచ్చిన రోజు, అందులో ఆయన పేరు ఎక్కడుందో చూపించాను. “ఇదుగో, గేలంలా వంపు తిరిగిందే, ఇదే మీ మొదటి అక్షరం” అన్నాను. వేలు పెట్టి రెండుసార్లు దాని మీదుగా గీశారు. మర్నాడు నేను బావి దగ్గరికెళ్ళి వచ్చేసరికి అత్తయ్య దాన్ని పొయ్యి పైన గోడకి కొట్టించి, ఎదురుగా నిలబడి మురిసిపోతున్నారు. తలకిందులుగా ఉంది. ఆవిడ ఆనందం చూసి నాకు చెప్పడానికి నోరు రాలేదు. ఇరుగుపొరుగు వచ్చి చూసి, “బాగుంది, బాగుంది” అని వెళ్ళారు. ఒక్కరూ ఏమీ అనలేదు.

మధ్యాహ్నం మా ఆయన సముద్రం నుంచి వచ్చారు. టీ తాగుతూ దాని వంక చూశారు. కప్పు దించి మళ్ళీ చూశారు. తల ఒక పక్కకి వంచారు.

“అమ్మా, గేలం ఆకాశంలోకి వేశావేంటి? అక్కడేం చేపలు పడతాయి?”

లేచి వెళ్ళి మేకు పీకి, కాగితాన్ని తిప్పి, సరిగ్గా కొట్టారు. కాస్త వెనక్కి జరిగి చూసుకున్నారు. తర్వాత నా వైపు తిరిగి, “ఆ గేలం పక్కనున్న అక్షరాన్ని ఏమంటారు?” అని అడిగారు.

నీకు ముద్దులు. బావకి నమస్కారాలు.

నీ చెల్లెలు,
తిర్జా